కాటుక పిన్ని

ప్రతి వంశానికీ ఒక కాటుక పిన్ని ఉంటుంది. పెళ్ళికూతురి ముస్తాబుకి ఎవరొచ్చినా, ఎన్ని వేలు పుచ్చుకున్నా, కన్ను మాత్రం ఆవిడ శాఖ. మా పిన్ని సంచిలో కాటుక భరిణె తన పెళ్ళినాటిది. అందులో వేలు ముంచి పాతికమంది పెళ్ళికూతుళ్ళని పీటల మీదికి పంపానంటుంది. వేలు కూడా అదే.

2023లో అధిక శ్రావణమంతా పెళ్ళిళ్ళు లేక ఖాళీగా కూర్చున్న జనానికి కళ్ళకలకలొచ్చాయి. నిజ శ్రావణంలో మా అక్క కూతురి పెళ్ళి. సరిగ్గా మూడు రోజుల ముందు పిల్ల కుడికన్ను మందారమైంది.

పిన్ని నల్లకళ్ళద్దాలతో దిగింది. "దాని కళ్ళలోకి ఎవరూ చూడకండర్రా, అంటుకుంటుంది!" అని ఇల్లంతా హెచ్చరించి, పిల్ల కళ్ళు తుడుచుకున్న తువ్వాలుతోనే తన మొహం తుడుచుకుంది. నందివర్ధనం పూలు కోయించి పిల్ల కళ్ళ మీద పరిచింది. చనుబాల చుక్కలకని పక్కింటి బాలింతకి కబురు పెట్టింది. ఆ అమ్మాయి తలుపు తీయలేదు, బుద్ధిమంతురాలు.

ఇది వైరస్ అనీ, చూపుతో కాదు, చేతులతో, తువ్వాళ్ళతో అంటుతుందనీ, వారం పైనే పట్టొచ్చనీ, మందుల షాపులో అడిగి స్టిరాయిడ్ చుక్కలు వేయొద్దనీ కంటి డాక్టరు చెప్పాడు. "వారమా? ముహూర్తాన్ని కూడా మీరే జరుపుతారా?" అని పిన్ని ఆయన్ని నిలదీసింది.

మేకప్ అమ్మాయి ఇంకా గట్టిది. "లెన్సులొద్దు, అంటించే రెప్పలొద్దు, కంటి దగ్గరికి కాటుకా మస్కారా ఏదీ రాదు. ఈ మొహానికి వాడిన స్పాంజీలు ఇక్కడే పారేస్తాను" అంది.

"కాటుక లేని పెళ్ళికూతురా! చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"చూడొద్దన్నారుగా మీరే" అంది ఆ అమ్మాయి.

అరగంట రాయబారం తర్వాత, సీలు విప్పని కొత్త పెన్సిలుతో బుగ్గన చుక్క పెట్టడానికి సంధి కుదిరింది. తన శ్రద్ధంతా జడ మీదా పెదాల మీదా పెట్టి, కన్నుని కన్నుగా వదిలేసింది ఆ అమ్మాయి. చేతికి పని లేకపోయిన పిన్ని ఊరుకుంటుందా? తోడిపెళ్ళికూతురికీ, ఇద్దరు మరదళ్ళకీ, చివరికి వియ్యపురాలికీ భరిణె తెరిచింది. ముందుగా తన కళ్ళకి దిద్దుకుంది కూడా.

హోమంలో పచ్చికట్టెలు పడ్డాయో ఏమో, పొగకి మండపమంతా కళ్ళు నలుపుకుంది. ఆ ఎర్రకళ్ళ సభలో పెళ్ళికూతురి కళ్ళే నయమనిపించాయి. అప్పగింతల వేళ మగపెళ్ళివారి ముసలమ్మ "పుట్టింటి మీద ఎంత మమకారమో, ఏడ్చి ఏడ్చి కన్ను ఎలా అయిందో" అని తనూ రెండు చుక్కలు రాల్చింది. మా పిన్ని నా చెవిలో "నందివర్ధనం మహిమ" అంది.

నాలుగోనాడు పొద్దున్నే ఫోను.

"రెప్పలు అతుక్కుపోయి విడిపడ్డం లేదురా. వియ్యపురాలిక్కూడా ఇదే గొడవట. ఆ మేకప్ పిల్ల మా ఇద్దరివంకా గుడ్లప్పగించి చూస్తుంటే అప్పుడే అనుకున్నా!"