యోగ్యతాపత్రాలు ఇచ్చట లభించును

పెద్దాయనకి సన్మానం జరిగినా, కుర్రాడు కొత్తగా డైరెక్టరయినా, కలెక్టరుగారు బదిలీ మీద జిల్లాకి వచ్చినా విలేకరి ఆఖరి ప్రశ్న ఒకటే: "మీకిష్టమైన పుస్తకం ఏది సార్?" జవాబులూ నాలుగైదుకి మించవు. మహాప్రస్థానం, చివరకు మిగిలేది, అసమర్థుని జీవయాత్ర. సంప్రదాయం వైపు మొగ్గేవారైతే వేయిపడగలు. కాస్త చిలిపిగా కనబడాలనుకుంటే మైదానం. తెలుగులో అచ్చయినవి మొత్తం ఈ అయిదేనని పరాయి రాష్ట్రంవాడు నమ్మేస్తే తప్పు వాడిది కాదు.

ఎందుకిష్టం అంటే ఇక ఎంపిక కూడా లేదు. "నా జీవితాన్నే మార్చేసిందండీ." ఏం మారిందని విలేకరి అడగడు. అడిగితే టీ రాదు. మహాప్రస్థానం తన జీవితాన్ని మలుపు తిప్పిందని చెప్పే కాంట్రాక్టరుగారి దగ్గర కూలీలకి మూడు నెలల బకాయి ఉంటుంది. ఆ మలుపు బహుశా బ్యాంకు వైపు తిరిగి ఉండాలి. నిజానికి ఆ పుస్తకానికి చదవకపోవడానికి సాకు కూడా లేదు. చాలా గేయాలు 1930లలో రాసినవి, పుస్తకంగా వచ్చింది 1950లో. సన్నటి పుస్తకం, ఒక్క సాయంత్రం పట్టదు. అయినా మనవాళ్లు మొదటి గేయంలో రెండు పాదాల దగ్గర విడిది చేసి, డెబ్బై అయిదేళ్లుగా అక్కడే వంట చేసుకుంటున్నారు. దానికి చలం రాసిన ముందుమాట పేరు 'యోగ్యతా పత్రం'. ఇప్పుడు పుస్తకం మొత్తాన్నే యోగ్యతాపత్రం చేసుకుని ఇంటర్వ్యూలకి పట్టుకెళ్తున్నాం.

గోపీచంద్‌కి జరిగింది ఇంకా అన్యాయం. వ్యక్తిత్వ వికాసం బోధించే ఓ మహానుభావుడు అసమర్థుని జీవయాత్ర నుంచి గొప్ప స్ఫూర్తి పొందానని వేదిక మీద చెబితే హాలంతా చప్పట్లు. అందులో సీతారామారావు ఉన్న ఆస్తి పోగొట్టుకుంటాడు, పెళ్లాన్ని కొడతాడు, లోకం మీదా తన మీదా కసితో కుళ్లి చివరికి శ్మశానంలో ప్రాణం వదులుతాడు. ఇందులో ఏ ఘట్టం చూసి స్ఫూర్తి కలిగిందో, ఆయన దగ్గరికి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు ఫీజు కట్టే ముందు కనుక్కుంటే మంచిది.

బుచ్చిబాబుకి మాత్రం సావిత్రి గారు అడ్డు వచ్చారు. "చివరకు మిగిలేదా? అబ్బ, సావిత్రి ఏం చేసిందండీ! ఏడుపు ఆపుకోలేకపోయాను" అనే సాహితీప్రియులు ఊరికి ఇద్దరైనా ఉంటారు. వాళ్లు చూసిన సినిమా 1960లో వచ్చింది, పేరు ఒకటే గానీ అది ఒక బెంగాలీ సినిమాకి తెలుగు. అందులో ఆవిడ పిచ్చాసుపత్రిలో నర్సు. నవల్లోని దయానిధి డాక్టరే గానీ ఆ ఆసుపత్రి గేటు దాకా కూడా రాడు. కన్యాశుల్కం అంటే 1955 నాటి మధురవాణి, దేవదాసు అంటే 1953 నాటి పార్వతి. ఆవిడే లేకపోతే మన సాహిత్య పరిజ్ఞానం సగానికి సగం పడిపోయేది. గురజాడ తన నాటకాన్ని దాదాపు మళ్లీ కొత్తగా రాసినంత పని చేసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. అంత శ్రమ ఎందుకు పడ్డారో, సినిమా కోసం ఆగితే సరిపోయేది.

వేయిపడగలు సంగతి సరేసరి. విశ్వనాథ వారు 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాసిపెట్టారని ప్రతీతి. చెప్పడానికి 29 రోజులు పట్టిన నవలని చదవడానికి మనవాళ్లకి 29 ఏళ్లు చాలడం లేదు. పి.వి. నరసింహారావు గారు దాన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. రాజకీయాల మధ్య ఆయనకి అనువదించే తీరిక దొరికింది, రిటైరై పదేళ్లయిన మనకి చదివే తీరిక దొరకలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని దాంతో పంచుకున్న అడివి బాపిరాజు నారాయణరావుని ఎవరూ తలుచుకోరు. ఆ పేరు చెబితే బరువు తూగదు మరి.

బరువైన పుస్తకాల గురించి చెప్పేటప్పుడు మరో మాట వాడతారు: "ప్రతి ఒక్కరూ చదివి తీరాల్సిన పుస్తకం." ఈ వాక్యంలో 'ప్రతి ఒక్కరూ' అంటే మాట్లాడుతున్నాయన తప్ప మిగతావాళ్లు.

మరి వీళ్లు అసలేమీ చదవలేదా? చదివారు, దొంగచాటుగా. అద్దె పుస్తకాల షాపులో పావలా ఇచ్చి యుగంధర్‌నీ షాడోనీ తెచ్చుకున్నారు. మొదటి పేజీలోనే ముందు చదివిన పుణ్యాత్ముడు పెన్సిలుతో "హంతకుడు మేనమామే" అని రాసిపెట్టినా ఆఖరి పేజీ దాకా వదల్లేదు. తులసిదళం చదివి రాత్రి పెరట్లోకి వెళ్లడానికి తోడు అడిగారు. సెక్రటరీలో జయంతి ఏమందో, రాజశేఖరం ఏ జవాబిచ్చాడో ఇప్పటికీ అప్పజెప్పగలరు. భయపడ్డాం, ఏడ్చాం, అన్నం చల్లారిపోయింది, అమ్మ తిట్టింది: ఇవి ఇష్టానికి గుర్తులు. కానీ ఇంటర్వ్యూలో వీటికి మార్కులు పడవు. "సమాజానికి అద్దం" అంటే పడతాయి.

మా పెద్దత్త వారపత్రికల్లో సీరియల్ పేజీలు కత్తిరించి, దబ్బనంతో బెజ్జాలు పెట్టి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట తొడిగేది. అలాంటి కట్టలు ఇప్పటికీ ఆవిడ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఒక నవల్లో పద్నాలుగో వారం పేజీలు లేవు, పక్కింటావిడ తీసుకెళ్లి ఇవ్వలేదట. యాభై ఏళ్లుగా ఆ పక్కింటావిడ పేరెత్తితే మా అత్త ముఖం మాడిపోతుంది. పుస్తకం మీద ఇష్టమంటే ఇంతకన్నా ఏముంటుంది?

మొన్న మనవరాలు ఫోను కెమెరా ఆవిడ ముందు పెట్టి అడిగింది. "నానమ్మా, నీకు బాగా ఇష్టమైన పుస్తకం ఏది?"

అత్త పైట సర్దుకుంది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. గొంతు సవరించుకుంది.

"భగవద్గీత."

"ఎందుకు నానమ్మా?"

"ప్రతి ఒక్కరూ చదివి తీరాల్సిన పుస్తకం కదమ్మా."