రేషియో రావుగారు

రేషియో రావుగారు లేని ఊరుండదు. యాభై దాటిన వయసు, పొలమో పెన్షనో ఉందన్న ధీమా, వేపచెట్టు కింద టార్పాలిన్ కప్పిన పాత మహీంద్రా సీజే 3బి జీపు: ఇవీ ఆనవాళ్లు. “ఎలా ఉన్నారండీ?” అని పలకరిస్తే “ఐదు పాయింట్ మూడు ఎనిమిది” అంటారు. షుగరు రిపోర్టేమోనని కంగారు పడక్కర్లేదు. అది జీపు వెనక హౌసింగ్ సంగతి.

జీపుతో పాటు వచ్చింది 2,199 సిసి హరికేన్ పెట్రోల్ ఇంజిన్. పరుగుకి వంక పెట్టలేం గానీ తాగుడు జాస్తి. ఆయన దాన్ని దింపించి, విజయవాడ ఆటోనగర్‌లో 2,523 సిసి మహీంద్రా డీజిల్ ఎక్కించారు. ఇంజిన్ మారడం చిటికెలో అయింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది కనక ఆర్టీవో అనుమతికీ, ఆర్సీలో ఇంజిన్ నంబరు, ఇంధనం మార్పించడానికీ చెప్పులరిగాయి. అదీ అయింది. అవనిది ఒక్కటే, రేషియో.

పెట్రోల్ ఇంజిన్ 4,000 ఆర్పీఎం దాకా హుషారుగా తిరిగేది. డీజిల్‌కి బలమంతా అడుగునే. 3,200 దగ్గరే ఆయాసం. క్రౌన్, పినియన్ మాత్రం పాతవే: పినియన్‌కి 8 పళ్లు, క్రౌన్‌కి 43. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ 5.38 చుట్లు తిరగాలి. 28 అంగుళాల టైరుతో, టాప్ గేరులో, 3,000 ఆర్పీఎం మీద బండి పోయేది గంటకు 75 కిలోమీటర్లే. గన్నవరం చేరేలోపు గడ్డి ట్రాక్టర్ తప్ప అన్నీ ఓవర్‌టేక్ చేశాయి.

ఆ అవమానం రావుగారి చేత 11కి 41 పళ్ల సెట్టు కొనిపించింది. రేషియో 3.73. ముందు హౌసింగ్ జోలికి పోకుండా వెనకది ఒక్కటే మార్పించి డబ్బు మిగుల్చుకుందామనుకున్నారు. మేస్త్రి ఒప్పుకోలేదు.

“ముందు చక్రాలు గుంటూరుకి, వెనక చక్రాలు ఏలూరుకి టిక్కెట్టు తీసుకున్నట్టుంటది సార్. ఫోర్‌వీల్ వేశారంటే మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేసు ముక్కలవుద్ది.”

రెండూ మార్పించక తప్పలేదు. ఇప్పుడు అదే 3,000 మీద 108. రావుగారి ఆనందానికి అడ్డూ ఆపూ లేదు. స్పీడోమీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వస్తుంది కనక దానికి ఈ మార్పు కబురు అందలేదు. బండి నిజంగా 80లో పోతుంటే ముల్లు 55 దగ్గరే ఊగుతోంది. పక్క సీట్లో ఆవిడ ముల్లు చూసి ముచ్చటపడ్డారు: “ఎంత నెమ్మదిగా నడిపినా ఎంత తొందరగా వచ్చేశామండీ!”

ఆ ముచ్చట పాడేరు దాకా సాగింది. అక్కడ వంజంగి మట్టిబాట రావుగారి లెక్కలో రెండో సగం అప్పజెప్పింది. పాత గేర్‌బాక్స్‌లో ఫస్ట్ గేరు 2.80, ట్రాన్స్‌ఫర్ కేసు లో గేరు 2.46, క్రౌన్ 5.38. మూడూ గుణిస్తే 37. అంటే ఇంజిన్ 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు; రాళ్ల మీద బండి నిదానంగా పాకేది. 3.73 పెట్టాక ఆ 37 కాస్తా 26 అయింది. పాకాల్సిన చోట బండి దూకబోయింది. దూకకుండా ఆపడానికి ఆయన క్లచ్ సగం తొక్కిపట్టారు. కాఫీ తోటల గాలి పీల్చుకుందామని వెళ్లినవాళ్లు క్లచ్ ప్లేటు వాసన పీల్చుకుని తిరిగొచ్చారు.

కొండకీ హైవేకీ మధ్యస్థంగా 4.27 అన్నారు ఈసారి. పాత సామాన్ల కొట్లో హౌసింగులైతే దొరికాయి. కొట్టువాడి మాట మీద నమ్మకం లేదు. ఆదివారం పొద్దున్నే బిగించిన బండికి వెనకవైపు ఒక చక్రం జాకీ మీద లేపి, న్యూట్రల్‌లో పెట్టి, టైరు మీదా షాఫ్ట్ మీదా సుద్దముక్కతో గీతలు గీశారు. రెండో చక్రం నేల మీదే ఉంటుంది కనక లేపిన చక్రాన్ని రెండు చుట్లు తిప్పితే క్రౌన్ తిరిగేది ఒక్క చుట్టే. ఆ లోపల షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే రేషియో. చక్రం దగ్గర రావుగారు, బండి కింద వెల్లకిలా మేనల్లుడు.

“మూడు... నాలుగు... ఇంకాస్త తిరిగింది మావయ్యా!”

“కాస్తంటే ఎంతరా?”

“ఏవండీ, గ్యాస్ కుర్రాడొచ్చాడు, బండలు ఎన్ని తీసుకోను?”

“నాలుగుంబావు!” అన్నారు రావుగారు.

లెక్క సరిపోయింది. హైవే మీద 94, కొండ మీద 29. కొన్నాళ్లు ఇంట్లో శాంతి. ఆ తర్వాత ఎవరి బండికో 31 అంగుళాల టైర్లు కనిపించాయి. రావుగారి జీపుకీ వచ్చేశాయి. టైరు పెద్దదైతే 4.27 కాస్తా 3.86 పెట్టినట్టే. మళ్లీ కాగితం, మళ్లీ పెన్సిలు, 8కి 39 పళ్ల సెట్టు కోసం మళ్లీ ఫోన్లు.

క్రౌన్ జోలికి పోకుండా ఐదు గేర్ల బాక్స్ పెట్టుకుంటే ఐదో గేరు హైవేకి, పాత 5.38 కొండకి పనికొచ్చేవని మేస్త్రి చెప్పాడు. ఆ మాట మొదట్లోనే చెప్పి ఉండొచ్చు కదా అని ఆవిడ నిలదీశారు. అప్పుడే చెప్పాడట. రావుగారు పళ్లు లెక్కపెట్టుకుంటూ వినలేదు.