మబ్బును చూసి ముంత ఒలకబోత

కార్ఖానాల యజమానులకు అభినందనలు. మీ సర్వర్ రూమ్‌లో ఏసీ కింద పాతికేళ్లుగా గుర్రుపెడుతున్న డొమైన్ కంట్రోలర్‌కు ఎట్టకేలకు పదవీ విరమణ ఇచ్చేస్తున్నారట. ఎవరు మన ఉద్యోగి, ఎవరు కాదు, ఏ కంప్యూటర్ మనది, దాంట్లో ఏ ప్రోగ్రామ్ ఉండాలి, ఎవరు ఏ ఫైలు తెరవొచ్చు అనే పెత్తనమంతా ఇకమీదట క్లౌడ్‌లోనట. స్టీరింగ్ కమిటీకి చూపించిన ప్రతి స్లైడ్‌లోనూ ఒక తెల్ల మబ్బు, దాని కింద ల్యాప్‌టాప్ పట్టుకుని పళ్లికిలిస్తున్న మనుషులు. మబ్బును చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవద్దని మన ముత్తాతలు చెప్పారు. పాపం, వాళ్లకు పవర్‌పాయింట్ రాదు. అందుకే ఆ సామెత కమిటీ ముందుకు రాలేదు.

అలాగని పాతదాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. విండోస్ 2000తో పాటు వచ్చి, ఆ కంట్రోలర్ మీద నడిచే యాక్టివ్ డైరెక్టరీ మన కార్ఖానాల్లో ఎలా కాపురం చేసిందో తెలియనిదెవరికి? రిటైరై మనవళ్ల పెళ్లిళ్లు చేస్తున్న స్టోర్స్ గుమాస్తా పేరు మీద ఇంకా అడ్మిన్ హక్కులు. పాస్‌వర్డేమో మానిటర్ అంచున పసుపు చీటీ మీద. ఇలాంటి ఇంట్లో దొంగలు పడితే ఏమవుతుందో 2019 మార్చిలో నార్వే అల్యూమినియం కంపెనీ నార్స్క్ హైడ్రో చూసింది. లాకర్‌గోగా అనే రాన్సమ్‌వేర్ కంప్యూటర్లను బిగించేస్తే, కాగితం, కలం పట్టుకుని, మెషీన్లు చేత్తో నడిపి ప్లాంట్లను నెట్టుకొచ్చారు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా దాడికి మేర్స్క్ నౌకా సంస్థ డొమైన్ కంట్రోలర్లు ప్రపంచమంతటా తుడిచిపెట్టుకుపోయాయి. ఘనాలో ఒకే ఒక్కటి మిగిలింది. ఎందుకంటే ఆ సమయానికి అక్కడ కరెంటు లేదు. భద్రతా నిపుణులు చేయలేని పని కరెంటు కోత చేసిపెట్టింది. మన డిస్కంలు ఈ సేవకు విడిగా చార్జీ వేయకపోవడం వాళ్ల పెద్దమనసు.

కాబట్టి మారాలి, సందేహం లేదు. మారుతున్న తీరే తమాషా.

ముందు షాప్‌ఫ్లోర్‌కు పదండి. లాగిన్ కావాలంటే ఫోన్‌లో ఆథెంటికేటర్ తెరిచి అంకె నొక్కాలని కొత్త పాలసీ. లోపలికి ఫోన్ తేరాదని గేటు దగ్గర బోర్డు. రెండింటి కిందా సంతకం ఒక్క ఎండీగారిదే. సరే, ముఖం చూపిస్తే చాలన్నారు. ముఖానికి మాస్కు, కళ్లకు గాగుల్స్. పోనీ వేలిముద్ర అన్నారు. చేతికి గ్లోవ్స్, అవి విప్పితే గ్రీజు. లైన్ దగ్గరున్న ఒక్క కంప్యూటర్‌ను మూడు షిఫ్టుల వాళ్లూ వాడతారన్న సంగతి కన్సల్టెంటుగారికి గో-లైవ్ రోజున తెలిసింది. చివరికి ఉపాయం కార్మికులే కనిపెట్టారు. పొద్దున్నే సూపర్‌వైజర్ లాగిన్ అవుతాడు, ఇక రాత్రిదాకా అందరూ ఆయనే. ఆడిట్ రిపోర్టులో మాత్రం దీని పేరు జీరో ట్రస్ట్, అంటే ఎవరినీ ఊరికే నమ్మని భద్రత.

మూలనున్న ప్యాకింగ్ మెషీన్‌ను ఒక విండోస్ 7 కంప్యూటర్ నడిపిస్తోంది. దాన్ని క్లౌడ్ గడప తొక్కనివ్వదు. అక్కడ చేరాలంటే కనీసం విండోస్ 10 ఉండాలి. ఆ పదికీ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కంప్యూటర్ మార్చాలంటే మెషీన్ అమ్మినవాడు కంట్రోలర్ మొత్తం మార్చమంటాడు. దాంతో దాని పేరు ‘ఎక్సెప్షన్’ జాబితాలో రాసుకున్నారు. లెక్క తీస్తే, సరుకు తయారుచేసే కంప్యూటర్లన్నీ ఆ జాబితాలో తేలాయి. స్లైడ్లు తయారుచేసేవి మాత్రం క్లౌడ్‌లో క్షేమంగా ఉన్నాయి.

వేగం మాటా చూద్దాం. కంప్యూటర్లకు నియమాలు పంపే పాత గ్రూప్ పాలసీ సుమారు గంటన్నరకోసారి కంప్యూటర్‌ను పలకరించేది. దాని స్థానంలో వచ్చిన మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ ఇన్‌ట్యూన్ మామూలుగా 8 గంటలకోసారి పలకరిస్తుంది. అడ్మిన్ ప్రత్యేకంగా కబురు పెడితే ముందే రావచ్చు. ఆ కబురు అందకపోతే ఒక షిఫ్టు దిగి ఇంకో షిఫ్టు ఎక్కుతుంది. పైగా తలకింత, నెలకింత అద్దె. కాంట్రాక్టు ఆపరేటర్‌కు పీఎఫ్ కట్టడానికి చేతులు రాని కంపెనీ, అతని లాగిన్‌కు మాత్రం నెలనెలా ఠంచనుగా కడుతుంది.

మరి భరోసా? బ్రహ్మాండం. యూజర్ల లాగిన్లకు 99.99 శాతం భరోసా ఇస్తున్నామని, అది 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ముహూర్తం పెట్టిన పంతులెవరో గానీ చమత్కారి. ఎందుకంటే ఆ తేదీకి సరిగ్గా పదిహేడు రోజుల ముందు, మార్చి 15న, వాళ్ల లాగిన్ వ్యవస్థే 14 గంటలపాటు కుంటుపడింది. ‘తీసేయకండి’ అని గుర్తు పెట్టిన ఒక తాళంచెవిని ఆటోమేటిక్ ప్రక్రియ ఆ గుర్తును లెక్కచేయకుండా తీసేసింది. 99.99 అంటే నెలకు నాలుగు నిమిషాల పైచిలుకు మాత్రమే ఆగాలి. ఆగితే పరిహారం ఉంటుంది, లేదనకూడదు. మీ చందాలో కొంత శాతం వెనక్కిస్తారు. ఆగిపోయిన లైన్, చెడిపోయిన బ్యాచ్, గేటు బయట నిలిచిన లారీలు మీ సొంత ఆస్తి.

భద్రతంటారా? చైనాకు చెందిన హ్యాకర్లు అదే సంస్థ డిజిటల్ సంతకపు తాళంచెవిని సంపాదించి, 2023లో అమెరికా వాణిజ్య మంత్రి మెయిల్‌లోకి కూడా దూరారు. ఇది ఆపగలిగిన చొరబాటేనని, అసలు జరగకూడనిదని 2024లో అమెరికా ప్రభుత్వ సైబర్ సేఫ్టీ రివ్యూ బోర్డు తేల్చింది. అమెరికా మంత్రికే దక్కని భద్రత మీ పర్చేజ్ మేనేజర్‌కు దక్కుతుందని నమ్మాలి. నమ్మకమే కదా వ్యాపారానికి మూలధనం!

ఇవన్నీ చిల్లర తిప్పలు. అసలు కథ గుజరాత్‌లో జరిగింది. వాడినార్‌లో నయారా ఎనర్జీకి ఏడాదికి 2 కోట్ల టన్నుల ముడిచమురు శుద్ధిచేసే రిఫైనరీ ఉంది. దేశమంతటా ఆరు వేలకు పైగా బంకులున్నాయి. నయారాలో రష్యా సంస్థ రోస్‌నెఫ్ట్‌కు 49.13 శాతం వాటా. 2025 జూలై 18న ఐరోపా యూనియన్ నయారాను ఆంక్షల జాబితాలో పెట్టింది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ సేవలు ఆపేసింది. ఔట్‌లుక్ లేదు, టీమ్స్ లేదు. కంపెనీ భారతదేశంలో ఉంది, నడిచేది భారత చట్టం కింద, లైసెన్సుల డబ్బు ముందే కట్టేసింది. ఆంక్ష పెట్టింది బ్రస్సెల్స్, అమలు చేసింది ఒక అమెరికా కంపెనీ, గొంతు పట్టుకుంది వాడినార్‌లో. మా సొంత డేటా మాకు అందనివ్వడం లేదని కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. మెయిల్ కోసం రీడిఫ్‌ను ఆశ్రయించిందని పత్రికలు రాశాయి. జూలై నెలాఖరుకు సేవలు తిరిగొచ్చాయి, కేసు వెనక్కి తీసుకున్నారు. స్టీరింగ్ కమిటీలు ఊపిరి పీల్చుకుని తమ స్లైడ్ల దగ్గరికి తిరిగి వెళ్లాయి.

నయారాలో ఆగింది మెయిలు, మీటింగులు. ఇప్పుడు మీరు అదే మేకుకు తగిలించబోతున్నది మస్టరు రోల్ మొత్తం. ఎవరు మన మనిషి అన్న ప్రశ్నకు జవాబు చెప్పేవాడు, ఒకరోజు జవాబు చెప్పనంటే? పరికరాలను దూరం నుంచి తుడిచేసే మీట కూడా ఆ క్లౌడ్‌లోనే ఉంది. దొంగ ఎత్తుకుపోయిన ల్యాప్‌టాప్‌ను తుడవడానికి పెట్టిన మీట అది. దొంగే అడ్మిన్ కుర్చీలో కూర్చుంటే మీ ల్యాప్‌టాప్‌లన్నిటినీ తుడవడానికీ సరిపోతుంది.

దీనికి మన తెలుగు ఐటీ మేధావుల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: “మైక్రోసాఫ్ట్ సీఈఓ మన సత్యనే కదండీ, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవాడు.” నిజమే. ఆ సంస్థ డెవలప్‌మెంట్ సెంటర్ 1998 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. మనవాళ్లు అందులో కోడ్ రాస్తున్నారు, మనకు గర్వంగా ఉంది. కానీ ఆంక్షల కాగితం వచ్చిన రోజున సీఈఓగారి స్కూల్ సర్టిఫికెట్ ఎవరూ అడగరు. సర్వర్ మన ఊరి పొలిమేరలో ఉన్నంత మాత్రాన దాన్ని ఆపే నిర్ణయం మన ఊళ్లో జరగదు.

మారండి, వద్దన్నదెవరు? కానీ మారేముందు నాలుగు పనులు చేయండి. అత్యవసర ఖాతాలు రెండు, మామూలు లాగిన్ నియమాలతో ముడిపడకుండా, బీరువాలో పెట్టుకోండి. ఈ సలహా మైక్రోసాఫ్టే ఇస్తుంది, వినేవాళ్లే తక్కువ. లైన్ నడిపే కంప్యూటర్లకు బయటి లాగిన్ అవసరం లేని దారి ఉంచండి. ఉద్యోగుల, పరికరాల జాబితా నకలు మీ దగ్గర పెట్టుకోండి. సేవ ఆపాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో, ఏ దేశపు చట్టం చెల్లుతుందో కాంట్రాక్టులో రాయించండి. రాయడానికి వాళ్లు ఒప్పుకోకపోతే, ఆ సంగతి ఐటీ మేనేజర్ నెత్తిన వదిలేయకుండా బోర్డు మినిట్స్‌లో ఎక్కించండి. మన మనిషెవరో తేల్చే హక్కును అద్దెకు తెచ్చుకునే నిర్ణయం డైరెక్టర్లది, దాని పాపం కూడా వాళ్లదే.

సంతకం పెట్టే ముందు ఒక్క పరీక్ష. ఇంటర్నెట్ తీగ పీకి ఒక షిఫ్టు నడిపి చూడండి. నడిస్తే నిశ్చింతగా సంతకం పెట్టండి. నడవకపోతే ఆ కార్ఖానాకు మీరు యజమాని అనిపించుకోరు, అద్దె సక్రమంగా కడుతున్న కిరాయిదారు అనిపించుకుంటారు.