పులికాటు కందమునకు అంబర్‌పేట టీక

అవతారిక: అంబర్‌పేట, ఉప్పల్, నాచారము వైపుల నుండి పిట్టలు చూచువారి బృందమొకటి వేసవి మొదట్లో పులికాటు సరస్సునకు పోయివచ్చెను. తిరుగు రైలులో వారిలో ఒకడు చెప్పిన చాటువు ఇది. కవి ఎవరో తెలియదు. తెలిసినవారు చెప్పరు, పెద్దలకు కోపము వచ్చునని.

క. తెలవారకముందే చని
పులికాటున నెండ సోకి పుస్తక మరయన్
నిలిచిన పిట్టయు నెగిరెను;
తలలూపుచు నెఱిగినట్లు తరలిరి పెద్దల్.

టీక: తెలవారకముందే = సూర్యుడు పొడవక మునుపే; చని = పోయి. ఎచ్చటి నుండి పోయి? ఉప్పల్ రింగ్ రోడ్డు నుండి యని ఉప్పల్ వ్యాఖ్యాతలు. అది పొసగదు. అచ్చటి నుండి సూళ్లూరుపేటకు ఐదువందల కిలోమీటర్ల పైమాట. వేకువను ఉప్పల్‌లో బండి ఎక్కినవాడు పొద్దుగూకు వేళకు చేరి, గూళ్లకు పోవు కొంగల వెన్నులు మాత్రము చూచును. కావున ముందటి రాత్రి రైలెక్కి, సూళ్లూరుపేట లాడ్జి నుండి చని యని అన్వయము. నాచారము వారు ఇచట “టిఫిను లేక” యని అధ్యాహారము చేసికొందురు. సరసమైన ఊహయే.

పులికాటున = పులికాటు సరస్సునందు. ఏటినీరును కడలినీరును కలియు సరస్సులలో మనదేశమున చిలికా తరువాతది ఇదే. పెద్దపాలు ఆంధ్రమున, తక్కినది తమిళనాట. ఆ తమిళపు కొసన డచ్చివారు 1613లో కట్టిన కోట కలదు. “పులికాటున” అన్నంత మాత్రమున మన కవి ఆ కోటను చూచెనని భ్రమపడరాదు. అతడు చూచినది సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు సరస్సు నడుమగా పోవు దారిని. దారిమీద రాకెట్ కేంద్రపు బస్సులు, దారికి ఇరువంకల రాజహంసలు. అటకానితిప్ప దగ్గర బండి ఆపుట, ఆపగనే అందరును ఒక్క పక్కకే దిగుట సంప్రదాయము.

ఎండ సోకి = ఎండ తగిలి. దయ్యము సోకెననునప్పటి సోకుటయే ఇది. శంక: సూళ్లూరుపేటలో 2001 నుండి ఫ్లెమింగో పండుగ చలికాలముననే జరుగుచుండగా, దానిని వదలి ఎండలో పోనేల? పండుగకు మనుష్యులు మెండు, లాడ్జి గదులు కొఱత యని ఒక సమాధానము. అది పైపైది. అసలు సమాధానము తరువాతి పదములో నున్నది.

పుస్తకము అరయన్ = పిట్టల పుస్తకమును వెదకగా. పద్యమునకు ప్రాణము ఈ పదము. చలికాలమంతయు మన తీరమున నుండు ఉల్లంకులు బూడిదరంగు వేసికొని, బురదరంగులో కలిసిపోవును. వేసవి తగలగానే సైబీరియా ఉత్తరపు కొసకు, మంచు కరగు మైదానములకు పయనము కట్టును. అచ్చట జోడు కూడి గ్రుడ్లు పెట్టవలెను గాన పెండ్లిబట్టలు ఇచ్చటనే తొడుగ మొదలిడును. వంపుముక్కు ఉల్లంకి, ఇంగ్లీషువారి కర్ల్యూ సాండ్‌పైపర్, పూర్తిగా ముస్తాబైనచో ఇటుకఎఱుపు. పుస్తకములో దానికి బొమ్మలు రెండు: చలికాలపుది, జోడుకాలపుది. పులికాటున నిలిచినదో, వెల్ల సగము రాలిన ఇటుకగోడవలె అటు బూడిద ఇటు ఎఱుపు. ఆ బొమ్మను ఎవరు వేయుదురు? అందుపై ఎండమావి. నీటి అంచున కాళ్లు కరగి, పిట్ట మొండెము గాలిలో తేలును. కాళ్ల రంగు చూచి తేల్చుకొండని పుస్తకము చెప్పును.

అప్పటి సంవాదము వృద్ధవ్యాఖ్యలో కలదు:
“అన్నా, గది ఏం పిట్ట?”
“జర ఆగు తమ్మీ, పేజీ తియ్యనీ.”
“ఎగిరిపాయెనే!”
“గదే. నేననుకున్నదే.”
ఏమనుకొనెనో వృద్ధవ్యాఖ్యయు చెప్పలేదు.

నిలిచిన పిట్టయు = నిలిచిన పిట్ట కూడ. కూడ యనుటచే అంతకు మునుపే పోయినవి కలవని సూచన. అవి నేలపట్టు చెరువు గూడబాతులు. 1976లో అభయారణ్యమైన ఆ చెరువులో, నీట నిలిచిన కడప చెట్లమీద గూళ్లు కట్టి పిల్లలను పెంచి, ఎండలు ముదురునప్పటికి చాలమట్టుకు తరలిపోవును. వాని రెట్టలు కలిసిన చెరువునీరు వరికి బలమని ఊరివారు వానిని అదలింపరు. ఎగిరినది టోపీ కూడ యని ఉప్పల్ వ్యాఖ్య. గాలి గట్టిదే గాన కాదనజాలము.

ఇక పిట్ట యన్న మాట. 1816లో ఒక ఫ్రెంచి పండితుడు మన పొన్నంకి పిట్ట వంశమునకు “పిట్టా” యని తెలుగుమాటనే శాస్త్రనామముగా పెట్టెను. 1980లో హైదరాబాదున బర్డ్‌వాచర్స్ సొసైటీగా పుట్టి నేడు డెక్కన్ బర్డర్స్ అనబడు సంఘపు పత్రిక పేరును “పిట్ట”యే. ఇంతటి పేరుగల మాటను కవి ఊరుపేరు తెలియని జీవికి వాడుట వ్యంగ్యము.

తాత్పర్యము: పోయిరి, మాడిరి, వెదకిరి, అది పోయినది, తెలిసినట్లు వచ్చిరి.

విశేషములు: “ఎఱిగినట్లు” ఉత్ప్రేక్ష యని కొందఱు. కాదు. తెలియమిని తల యూపుచే కప్పిపుచ్చిరి గాన వ్యాజోక్తి.

పూర్వపక్షము: అంబర్‌పేటలోనే మూసీ యుండగా పులికాటేల? రోజునకు 33.9 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేయు కేంద్రము అచ్చటనే యున్నది. ఆ యొడ్డున ఎఱ్ఱని పొడుగుకాళ్ల స్టిల్టులు మన వాసనను లెక్కచేయక మేయును. ఉప్పల్ వారికి తమ నల్లచెరువు అంతకన్న చేరువ. నిజమే. సిద్ధాంతము: మూసీ యొడ్డున తెలియని పిట్ట ఎదురైనచో రేపు మరల పోయి చూడవచ్చును; అబద్ధము నిలువదు. పులికాటుకు రేపు ఎవడు పోవును? పెద్దరికమునకు దూరము కావలెను. అయినను ఈ బృందములో ఒక చిన్నది ఫోనులోని జాబితాయందు “సాండ్‌పైపర్ జాతి, ఏదో తెలియదు” అను గడినే నొక్కెను. ఈ-బర్డ్ వారు అట్టి గడిని తగిన వివేకముతోనే ఉంచిరి. టీకాకారుని దృష్టిలో ఆ యాత్రలో పిట్టను సరిగా చూచినది ఆ పిల్ల యొక్కతే.

పాఠాంతరము: “పెద్దల్” అనుచోట నాచారపు ప్రతిలో “సార్లున్” అని కలదు. గణభంగము లేదు. స్నేహభంగము కలదు గాన గ్రహింపలేదు.