డమ్మీ గొట్టాలు

1930లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డు కార్ల మడ్‌గార్డులు ఊడబీకి, మ్యూరాక్ ఎండు సరస్సు మీద పందేలకు దిగేవారు. పొగ సైలెన్సర్ దాకా పోయి చుట్టూ తిరిగి రావడం ఎందుకని ఇంజిన్ పక్కనుంచే గొట్టం పెట్టి, దానికో మూత బిగించారు. ఊళ్లో మూత ఉండేది, సరస్సు మీద ఊడేది. లేక్ పైప్ అంటే అదీ. పనికొచ్చే గొట్టం!

తర్వాత దాని అందం మీద కన్ను పడింది. 1950లకల్లా క్రోమ్ పూత లేక్ పైపులు తలుపుల కింద బారుగా మెరిశాయి. వాటిలో చాలావాటికి ఇంజిన్‌తో చుట్టరికమే లేదు. రెండు క్లాంపులు, నాలుగు మరలు, అంతే. పొగ పాపం పాత దారినే వెనకనుంచి పోయేది. మన ఎన్నికల్లో డమ్మీ అభ్యర్థి గడువులోగా తప్పుకుంటాడు. ఈ గొట్టానికి ఆ మర్యాదా లేదు.

అంతటితో ఆగారా? పొగ పోయే అసలు గొట్టం చివర స్పార్క్ ప్లగ్ బిగించారు. ఇంజిన్ రేజ్ చేసి ఇగ్నిషన్ ఓ క్షణం ఆపితే కాలని పెట్రోలు గొట్టంలోకి వచ్చేస్తుంది, అక్కడ నిప్పంటించడమే. మంట బారెడు, బండికి అదనంగా వచ్చిన వేగం సున్నా. పెట్రోలు పోసి దీపావళి!

మరీ నవ్వకండి. ఇవాళ షోరూముల్లో కొన్ని కొత్త కార్ల బంపర్లలో మెరిసే జంట గొట్టాలదీ ఈ వంశమే. అసలుది కింద తలవంచుకుని ఉంటుంది. డబ్బు కట్టేముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, వేలు పెట్టి చూడండి. లోపలికి పోకపోతే ఆ ముక్క మేరకు ధర తగ్గించమనండి.