రెండంతస్తుల రావణుడు

సినిమా మీద అభిప్రాయం చెప్పడానికి నాకున్న అర్హత చింపిన టికెట్టు ముక్క ఒక్కటే. మా అమ్మకు అదీ అక్కర్లేదు. లాల్‌దర్వాజాలోనే పుట్టి, లాల్‌దర్వాజాలోనే మెట్టి, రావణుడంటే ‘సీతారామ కల్యాణం’లో ఎన్టీ రామారావేనని ఏనాడో తీర్మానించుకున్న మనిషి. అలాంటి మనిషిని 2023 జూన్‌లో ‘ఆదిపురుష్’కు తీసుకెళ్ళడం నా తెలివితక్కువతనం.

ప్రతి హాల్లోనూ హనుమంతుడికి ఒక సీటు వదిలేస్తామని ఆ సినిమావాళ్ళు ముందే ప్రకటించారు. ఆ సీటు కాస్తా మా పక్కనే పడింది. అమ్మ చెప్పులు విప్పి, సంచీలోంచి అరటిపండు తీసి ఆ సీట్లో పెట్టి లెంపలేసుకుంది. ఇంతలో తెర మీదికి రావణుడొచ్చాడు. పది తలలూ ఒకే వరసలో లేవు. కింద ఐదు, పైన ఐదు. అచ్చం జీ ప్లస్ వన్ ఇల్లు. అమ్మ నా చెవి దగ్గరికి వంగి, “పై పోర్షన్ కిరాయికిచ్చిండా బిడ్డా?” అంది. ఆమె గుసగుస నాలుగు వరసలకు వినిపిస్తుంది. హాలు గొల్లుమంది. పుష్పక విమానం ఊసు లేకుండా గబ్బిలంలాంటి దాని మీద ఆయన ఎగిరొచ్చేసరికి ఆమె సమోసా పొట్లం విప్పింది. మొత్తం మూడు గంటలు. లేచేటప్పుడు పక్క సీటుకు దండం పెట్టి, “పాపం, చిరంజీవి గాబట్టి తట్టుకున్నడు” అంది.

అసలు మా బస్తీవాళ్ళను తెర మీద భయపెట్టడం కష్టం. నెల తిరిగేసరికి సింహవాహిని మహంకాళి బోనాలు. ఒంటినిండా పసుపు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా. తీన్మార్ దెబ్బకు ఎగురుతూ వచ్చిన పోతురాజు రెండడుగుల దూరంలో ఆగి కళ్ళల్లోకి చూస్తాడు. పసుపూ చెమటా కలిసిన ఆ వాసన ఏ హాల్లోనూ రాదు. మర్నాడు ఏనుగు మీద ఘటం ఊరేగుతుంది. నిజం ఏనుగు, తోకతో సహా. ఇవి చూస్తూ పెరిగిన పిల్లలకు కంప్యూటర్ రాక్షసుణ్ణి చూపిస్తే, “అంకుల్, వీనికి నీడ పడ్తలేదు” అంటారు.

అయినా ఆదిపురుష్ మీద నాకు కోపం లేదు. ఆ పై పోర్షన్ గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకుంటున్నాం. నాకు పడనిది జాగ్రత్తగా చెడిన సినిమా. ఫారిన్ పాట, ఇంటర్వెల్ ఫైటు, అమ్మ సెంటిమెంటు, అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి. పార్కింగ్‌లోంచి బండి తీసేలోపు కథ మర్చిపోతాం. రంగుంటుంది, వేడుంటుంది, పత్తీ మాత్రం వేయని చాయ్ అది.

దానికి పూర్తి వ్యతిరేకం 2006లో వచ్చిన ‘ది అంగ్రేజ్’. పెద్ద స్టార్లు లేరు. సెట్టు కూడా లేదు. చార్మినార్‌ను కుతుబ్ షాహీలు 1591లోనే కట్టి పెట్టారు కదా. అందులో కిడ్నాపు కథ పీకేసినా ఎవరికీ తెలీదు. ఇస్మాయిల్ భాయ్ గ్యాంగు చార్మినార్ దగ్గర కూర్చుని కొట్టే బాతాఖానీయే సినిమా. ఇంట్లో తెలుగు, గడప దాటితే దక్కనీ మాట్లాడే మాకు, మా వీధిలోని ‘నక్కో’ తెర మీద వినిపించడమే పైసా వసూల్. ఆ గ్యాంగులోని సలీం ఫేకూ కోతలు విని, “గిసొంటోళ్ళు మన గల్లీలనే నలుగురున్నరు, పైసలిచ్చి చూసుడెందుకు?” అంది అమ్మ. రెండోసారి సీడీ పెట్టమన్నది కూడా ఆమే.

ఇక ‘పల్నాటి బ్రహ్మనాయుడు’. బాలకృష్ణ తొడగొడితే రైలు వెనక్కి పోతుంది. ఎందుకు పోతుందని అడిగినవాడు మా ఇంట్లో ఇంతవరకూ లేడు. టీవీలో అది చూసిన వారమే మా తమ్ముడు ఫలక్‌నుమా స్టేషన్‌కు వెళ్ళి, అప్పుడే వచ్చి ఆగిన లోకల్ ఎదురుగా నిలబడి తొడ చరిచాడు. కాసేపటికి రైలు నిజంగానే వచ్చిన దారిన వెనక్కి కదిలింది. లింగంపల్లి నుంచి వచ్చే లోకళ్ళకు అప్పట్లో అదే ఆఖరి స్టేషన్, అక్కణ్ణుంచి ఏ లోకలైనా వెనక్కే పోయేదని ఎంత చెప్పినా వాడు వినడు. పెళ్ళిచూపుల్లో కూడా ఈ సంగతి చెప్పాడు.

అమ్మకు మాత్రం ఒక్కటే అనుమానం: “మరి లింగంపల్లి కాడ ఎవడు కొడ్తుండురా, మళ్ళ గీడికే వస్తది?”