పూనకానికి పంచాంగం

"నేను రాయను. కథే నాచేత రాయించుకుంటుంది." ఆవిష్కరణ సభలో శాలువా సర్దుకుంటూ మన రచయిత చెప్పే మాట ఇది. ఆ కథకు పంచాంగం బాగా తెలుసు కాబోలు! దీపావళి కథల పోటీ గడువుకు సరిగ్గా ముందు రాత్రే పూనుతుంది. డిసెంబరులో హైదరాబాద్‌లో, జనవరిలో విజయవాడలో పుస్తకాల పండగలు ఉంటాయి గనక, నవంబరు కల్లా నవలై ప్రెస్సుకు నడిచి వెళ్తుంది.

ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? దొస్తోయెవ్‌స్కీ 1866లో 'జూదరి' నవలను 26 రోజుల్లో స్టెనోగ్రాఫర్‌కు చెప్పి రాయించాడు. అంతర్వాణి పిలిచి కాదు. నవంబరు 1లోగా నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్లపాటు తన రచనలను పైసా ఇవ్వకుండా అచ్చేసుకోవచ్చని ప్రచురణకర్తకు రాసిచ్చాడు గనక! తీరా గడువు నాటికి ఆ ఘనుడు ఊళ్లోనే లేడు. దొస్తోయెవ్‌స్కీ రాతప్రతిని పోలీసు ఠాణాలో అప్పగించి రసీదు పుచ్చుకున్నాడు. (సరస్వతీదేవికి రసీదు రాసిచ్చిన ఠాణా ఇంకోటి ఉందో లేదో!) ఆ స్టెనోగ్రాఫర్‌నే మరుసటి ఏడాది పెళ్లాడాడు. గడువు చేసిన మేలు అది కూడా.

ఇంగ్లండులో నవలాకారుడు ట్రాలప్ అయితే పోస్టాఫీసు కొలువు చేస్తూనే, తెల్లారుజామున గడియారం ఎదుట పెట్టుకుని పావుగంటకు 250 మాటల లెక్కన రాశాడు. ఆ సంగతి ఆత్మకథలో దాచకుండా చెప్పినందుకు, పోయాక పరువు తగ్గింది.

మనవాళ్లు తెలివైనవాళ్లు. మైకులో తపస్సు గురించే మాట్లాడతారు. పారితోషికం సంగతి ఎడిటర్‌కు ఫోన్ చేసి విడిగా అడుగుతారు.